పురుగు లేని దురద

సంక్రాంతికి మా అక్క హైదరాబాద్ నుంచి సింగరాయకొండ వచ్చినప్పుడు రెండు చేతుల మీదా గోకిన గీతలున్నాయి. మాయమ్మ చూసి, "ఏం కుట్టిందే? అక్కడ ఏ మంచంలో పడుకుంటున్నావు?" అని మొదలుపెట్టింది. హాస్టల్లో కాదు, ఆఫీసులో అంది అక్క. సీట్లో కూర్చున్న అరగంటకి ముంజేతుల మీద, మెడ వెనక చీమలు పాకినట్టు ఉంటుందట. చూస్తే ఏమీ కనపడదు. వాళ్ల వరసలో ఆరుగురికి ఇదే గోల.

నల్లులని ఆఫీసులో అందరూ తేల్చేశారు. రెండు శనివారాలు మందు కొట్టించారు. తగ్గలేదు. అప్పుడు కోపం ఊడ్చే ఆవిడ మీదకి తిరిగింది. కార్పెట్ సరిగ్గా క్లీన్ చెయ్యట్లేదు, ఆమెని మార్చండి అని మెయిల్ పెట్టారు. దాని కింద మా అక్క పేరు కూడా ఉంది.

ఇంటికొచ్చిన రెండో రోజుకే అక్క దురద పోయింది. నాకు డౌట్ అక్కడే వచ్చింది. నల్లులు బ్యాగుల్లో, బట్టల్లో మనతో పాటు ప్రయాణం చేసే రకం. మరి ఇవెందుకు రాలేదు?

బగ్ అంటే ఏంటి?

సీఎస్ వాళ్లందరికీ తెలిసిన కథే. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. లోపాన్ని బగ్ అనడం అంతకు ముందు నుంచే ఉంది కాబట్టి, నిజం బగ్ దొరికిందని పక్కనే సరదాగా రాశారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇందులో నాకు నచ్చింది జోకు కాదు, వరస. వాళ్లు పురుగు దొరికాకే పురుగు అన్నారు. అక్క ఆఫీసులో ఒక్క పురుగూ దొరక్కుండానే రెండుసార్లు మందు కొట్టారు.

మరి పాకేది ఏంటి?

రెండు వేరే వేరే పదార్థాలు తగిలి విడిపోతే ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తాయి. చిన్నప్పుడు దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల్ని లాగాం కదా, అదే స్థిర విద్యుత్. నైలాన్ కార్పెట్ మీద నడిచినా, పాలిస్టర్ డ్రెస్‌తో కుర్చీలో అటూ ఇటూ జరిగినా ఇదే జరుగుతుంది.

గాలిలో తేమ ఉంటే వస్తువుల పైన పల్చటి నీటి పొర ఏర్పడి, ఛార్జి దాని మీదుగా కారిపోతుంది. గాలి పొడిగా ఉంటే పోయే దారి లేక అక్కడే పేరుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ వాళ్లు తరచూ చూపించే లెక్క ఒకటుంది: కార్పెట్ మీద నడిస్తే, తేమ 65 శాతం దాటినప్పుడు సుమారు 1,500 వోల్టులు, 20 శాతం లోపు ఉన్నప్పుడు 35,000 వోల్టుల దాకా రావచ్చు. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణానికి ఏం కాదు. సుమారు 3,000 వోల్టులు దాటితేనే మనకి చురుక్కుమని తెలుస్తుంది.

చురుక్కుమనకపోయినా ఛార్జి ఊరికే ఉండదు. చేతి మీద నూగుని లేపుతుంది. ప్రతి వెంట్రుక మొదట్లో నరాలు ఉంటాయి కాబట్టి అది కదిలితే ఏదో పాకినట్టే ఉంటుంది. పైగా కాగితం పొడి, కార్పెట్ నూలు ముక్కలు వచ్చి చర్మానికి అంటుకుంటాయి. పొడి గాలికి చర్మం కూడా ఎండి దానంతట అదే దురద పెడుతుంది. అంటే తప్పంతా స్థిర విద్యుత్‌దే కాదు, రెండూ కలిసి చేసే పని. విదేశాల్లో ఆఫీసు వాళ్లు ఈ లేని పురుగుకి 'పేపర్ మైట్స్', 'కేబుల్ మైట్స్' అని పేర్లు కూడా పెట్టేశారు!

మన ఊళ్లో ఎందుకు లేదు?

మాకు పాకల సముద్రం దగ్గర. ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా చెమ్మగిల్లే ఊరు. పైగా ఇంట్లో అక్క వేసుకునేది కాటన్ నైటీ. నూరు గ్రాముల పొడి పత్తి మామూలు గాలి నుంచి సుమారు 8 గ్రాముల తేమ పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. స్పిన్నింగ్ మిల్లుల్లో గాలికి తేమ పట్టించేది కూడా ఇందుకే. గాలి ఎండితే దారం తెగుతుంది, పీచు రోలర్లకి అతుక్కుంటుంది. పత్తి పండించే జిల్లాల వాళ్లం, మనకి ఇది తెలియకపోవడమే వింత.

డీబగ్గింగ్

అక్కకి మూడు పనులు చెప్పాను. ఒకటి, టేబుల్ కింద, కుర్చీ కాళ్ల దగ్గర జిగురు టేపు పెట్టి వారం చూడమన్నాను. ఒక్క పురుగూ పడలేదు, పీచు, కాగితం పొడి పడ్డాయి. రెండు, తేమ కొలిచే చిన్న మీటరు కొనమన్నాను. మధ్యాహ్నం ఏసీలో 30 శాతం లోపే చూపించింది. మూడు, ఒకసారికి ఒక్కటే మార్చమన్నాను. అదే సీటు, అదే కుర్చీ, బట్టలు మాత్రం వారమంతా కాటన్. దురద బాగా తగ్గింది. మళ్లీ పాలిస్టర్ వేసుకున్న రోజు తిరిగొచ్చింది. అప్పుడు టేపులు, మీటరు ఫోటోలు చూపిస్తే ఆఫీసు వాళ్లు హ్యూమిడిఫైయర్ పెట్టించారు. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే సాధారణంగా ఈ బాధ ఉండదు.

ఇది చదివి ప్రతి దురదనీ స్థిర విద్యుత్ అనుకోకండి. దద్దుర్లు వరసగా లేస్తే నల్లులు కావచ్చు. వేళ్ల సందుల్లో రాత్రిపూట దురద పెరిగి, ఇంట్లో వాళ్లకీ అంటుకుంటే గజ్జి కావచ్చు. అప్పుడు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

అక్క రెండో మెయిల్ పెట్టి మొదటిది తప్పని రాసింది. ఊడ్చే ఆవిడ ఉద్యోగం ఉంది. "ఆమెకి సారీ చెప్పావా?" అని అడిగాను.

"చెప్పాను రా. 'పర్లేదులే మేడమ్. ఆ మందు కొట్టిన తెల్లారి తుడిచింది నేనే కదా, రెండు వారాలు దగ్గాను' అంది."

ఆ దగ్గు ఎవరి మెయిల్‌లోనూ లేదు. పురుగు దొరక్కముందే మందు కొడితే అది ఎవరో ఒకరికి తగులుతుంది. మన కోడ్‌లో అయితే ఒక అన్‌డూతో పోతుంది.