పెంపుడు పిట్టలకు కాల్షియం

మన బజారుల్లో పంజరపు చిన్న పిట్టలన్నిటినీ 'లవ్ బర్డ్స్' అనే అమ్ముతారు. వాటిలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్లు. రామచిలుక సంగతి వేరు. దాన్ని పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఈ పిట్టలకు కొర్రలు, నీళ్లు పెడితే చాలునని చాలామంది అనుకుంటారు. అవి కూడా నెలల తరబడి హుషారుగానే ఉంటాయి. ఒకరోజు ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటుంది. తోక పైకీ కిందికీ ఊగుతుంది, ముక్కుతూ ఉంటుంది. గుడ్డు అడ్డుపడిందన్నమాట. వెంటనే చూపించకపోతే పిట్ట చనిపోవచ్చు.

దీనికి ముఖ్య కారణాలలో ఒకటి కాల్షియం లోపం. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. గుడ్డును బయటికి నెట్టే కండరాలు పనిచేయాలన్నా రక్తంలో కాల్షియం ఉండాలి. ఆహారంలో చాలకపోతే శరీరం ఎముకల నుండి తోడుకుంటుంది. అప్పుడు ఎముకలు పెళుసవుతాయి, పెంకు మెత్తబడుతుంది, కండరాలు సడలిపోతాయి.

100 గ్రాముల కొర్రలలో కాల్షియం సుమారు 30 మిల్లీగ్రాములు, భాస్వరం సుమారు 290 మిల్లీగ్రాములు ఉంటాయి. పక్షికి కావలసింది దీనికి తలకిందులు. భాస్వరం కంటే కాల్షియమే ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉండాలి. భాస్వరం ఎక్కువైతే ఉన్న కాస్త కాల్షియం కూడా ఒంటికి పట్టదు.

అన్నిటికంటే తేలికైన మార్గం సముద్రపు నురుగు. పేరుకు నురుగే గాని, అది కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని పెంకు. మెత్తటి వైపు పిట్టకు అందేలా పంజరానికి కట్టండి, కావలసినప్పుడు అదే గీరుకుంటుంది. ఒడ్డున ఏరినదైతే ఉప్పు పోయేదాకా రోజూ మంచినీళ్లు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి వాడాలి. అది దొరకకపోతే కోడిగుడ్డు పెంకులను 10 నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, పొడి చేసి పెట్టండి. మరిగించకుండా పెడితే సాల్మొనెల్లా క్రిములు సోకవచ్చు. బాగా కడిగిన మునగాకు కూడా మంచిదే. పాలకూర మాత్రం రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి.

కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ 'డి' ఉండాలి. ఎండ తగలని పసిపిల్లలకు రికెట్స్ వచ్చినట్టే పిట్టలకూ ఎముకలు వంకరపోతాయి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. ఉదయం పూట కాసేపు పంజరాన్ని ఆరుబయట, సగం నీడ ఉండేలా, పిల్లి అందుకోలేని చోట ఉంచండి.

గింజలు మాత్రమే తినే బడ్జెరిగార్లకు అయోడిన్ లోపం కూడా వస్తుంది. థైరాయిడ్ గ్రంథి ఉబ్బి, ఊపిరి తీస్తుంటే కీచుమని చప్పుడు వస్తుంది. పక్షుల దుకాణాలలో అయోడిన్ కలిపిన ఖనిజపు బిళ్లలు దొరుకుతాయి. అయితే మంచిదని మనుషుల కాల్షియం మాత్రలు, విటమిన్ 'డి' చుక్కలు నీళ్లలో కలపకండి. 30, 40 గ్రాముల పిట్టకు మోతాదు మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గుడ్డు అడ్డుపడితే పొట్ట నొక్కకండి. లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. పిట్టను గోరువెచ్చని చోట, గాలిలో కొంచెం తేమ ఉండేలా ఉంచి, గంటలు గడవనీయకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకుపోండి. సమయానికి కాల్షియం ఇంజెక్షన్ పడితే కొన్నిసార్లు గుడ్డు దానంతటదే బయటికి వచ్చేస్తుంది.