ఎండకు కందితే ఏం చేయాలి?

పిల్లలూ! కిందటి వేసవిలో మన బడి తరఫున గాల్వెస్టన్ బీచికి పిక్నిక్ వెళ్ళాము, గుర్తుందా? పులిహోర, పెరుగన్నం, ఆవకాయ అన్నీ జాగ్రత్తగా సర్దుకున్నాము. సన్‌స్క్రీన్ మాత్రం ఎవరూ తేలేదు. ఒక పాప అడిగితే, "మన ఒంటి రంగుకు అదెందుకమ్మా! రెంటచింతల ఎండలు చూసి వచ్చినవాళ్ళం" అని మేమే నవ్వేశాము. పదిన్నర నుంచి మూడింటి దాకా మీరంతా నీళ్ళలోనే ఉన్నారు. చల్లగా గాలి వీస్తుంటే ఎవరికీ వేడి అనిపించలేదు. రాత్రికి ఫోన్లు మొదలయ్యాయి. సన్‌స్క్రీన్ అడిగిన ఆ పాపకే, చొక్కా తగిలినా ఏడ్చేంతగా భుజాలు మండాయి. తరువాతి తరగతిలో తను అడిగింది: "టీచర్ గారూ, నాకు వచ్చింది వడదెబ్బేనా?"

కాదమ్మా. అది ఏమిటో, అప్పుడు ఏం చేయాలో చెప్పడానికే ఈ పాఠం.

వడదెబ్బ వేరు, కందడం వేరు

ఒళ్ళు తన వేడిని తాను తగ్గించుకోలేకపోతే అది వడదెబ్బ. తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మాట తడబడుతుంది, తెలివి తప్పవచ్చు. అది ప్రాణాపాయం. వెంటనే 911కు ఫోన్ చేయాలి.

కందడం చర్మానికి జరిగేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాలను దెబ్బతీస్తాయి. వాటిని బాగుచేయడానికి అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది. అందుకే ఎరుపు, వాపు, మంట. మన రంగు మీద ఎరుపు సరిగా కనబడక, నల్లగా కమిలినట్లుంటుంది. ముట్టుకుంటే వేడిగా ఉండి నొప్పి పుడుతుంది.

ఈ కిరణాలు వేడిలా ఒంటికి తెలియవు. గాలి చల్లగా ఉన్నా, మబ్బు పట్టినా చర్మం కందవచ్చు. కొత్తగా కురిసిన మంచు వీటిలో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది కనుక చలికాలంలో స్కీయింగ్‌కు వెళ్ళినా ఇదే జాగ్రత్త కావాలి. పైగా మంట అప్పుడే తెలియదు. కొన్ని గంటలకు మొదలై, ఒక రోజులో బాగా ముదురుతుంది.

మరి ఊళ్ళో మనకు ఇలా ఎందుకు కాలేదు? మన చర్మంలోని మెలనిన్ కొంత కాపు కాస్తుంది. కొంతే! మిగతా కాపు మన పెద్దల అలవాట్లది. మే నెలలో పొలం పనులు పొద్దున్నే ముగించేవారు. మధ్యాహ్నం బయటికి వెళ్ళక తప్పకపోతే తలకు తువ్వాలు చుట్టుకునేవారు, గొడుగు పట్టుకునేవారు. మేము ఆ అలవాట్లను అక్కడే వదిలేసి, ధీమాను మాత్రం వెంట తెచ్చుకున్నాము.

ఇంట్లో చేయదగినవి

1. చన్నీళ్ళు: మొదట నీడకు రావాలి. మెత్తటి నూలుగుడ్డను చన్నీళ్ళలో తడిపి, కందిన చోట 10-15 నిమిషాలు వేయాలి. రోజుకు నాలుగైదు సార్లు చేయవచ్చు.

2. చల్లని మజ్జిగ: ఆ రోజు పాప వాళ్ళ అమ్మమ్మగారు చేసింది ఇదే. పలుచని మజ్జిగలో గుడ్డ ముంచి భుజాల మీద వేశారు. ఉపశమనం ఇచ్చేది ముఖ్యంగా ఆ చలువ, తడి. తరువాత నీళ్ళతో కడగాలి. బొబ్బలుంటే వేయకూడదు. ఉప్పు, పచ్చిమిర్చి వేసిన మజ్జిగ అసలే వద్దు సుమా!

3. కలబంద: ఆకు కోసి, పసుపుపచ్చని రసం కారిపోయేదాకా నిలబెట్టి, కడిగి, తొక్క తీసి లోపలి గుజ్జు రాయాలి. ముందు చేతి మీద కొంచెం రాసి, దురద రాకపోతేనే వాడాలి.

4. ఓట్స్ స్నానం: ఓట్సును మెత్తగా పొడి చేసి, చల్లని స్నానం నీళ్ళలో కలిపి కాసేపు కూర్చోవాలి. ఒళ్ళు రుద్దుకోకుండా అద్దుకోవాలి.

5. కడుపులోకి: మంచినీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తరచుగా తాగాలి.

చేయకూడనివి

నిమ్మరసం రాయకూడదు. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. వెన్న, నెయ్యి, నూనె వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. ఐసుముక్క నేరుగా పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. టూత్‌పేస్టు వద్దు. తగ్గేదాకా సున్నిపిండి నలుగు కూడా వద్దు. బొబ్బలు చిదమకూడదు, లేచిన పొర లాగకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. పెద్ద బొబ్బలు, జ్వరం, వణుకు ఉన్నా, కందినది ఏడాది లోపు పాపాయి అయినా చిట్కాలు ఆపి డాక్టరుకు చూపించండి. చిట్కా మంటను తగ్గిస్తుందే గాని, కణాలకు జరిగిన నష్టాన్ని తుడిచివేయలేదు. అటువంటి దెబ్బలు పదేపదే తగిలితే పెద్దయ్యాక చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

అందుకే, ముందే జాగ్రత్త

నీ నీడ నీకంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉన్నట్లు. పది నుంచి నాలుగింటి దాకా వీలైనంత నీడలో ఉండాలి. టోపీ, నిండుచేతుల చొక్కా వేసుకోవాలి. ఎస్‌పీఎఫ్ 30 లేక అంతకు మించిన సన్‌స్క్రీన్ ముందుగా రాసుకుని, రెండు గంటలకొకసారి, నీళ్ళలోంచి వచ్చినప్పుడు మళ్ళీ రాసుకోవాలి.

ఈసారి పిక్నిక్ ఎనిమిదింటికే మొదలుపెట్టి, పదిన్నరకల్లా గుడారం కిందికి చేరదాము. సన్‌స్క్రీన్ పంచే పని ఆ పాపకే అప్పగిస్తున్నాము. ఎవరూ నవ్వకుండా రాయించుకోవాలి, పెద్దలతో సహా!

కొత్త మాటలు

కందడం – ఎండకు చర్మం ఎర్రబడి మండడం
కమలడం – రంగు మారి నల్లబడడం
వడ – వేసవిలో వీచే వేడిగాలి
చలువ – చల్లదనం
బొబ్బ – చర్మం కింద నీరు చేరి ఉబ్బడం

అభ్యాసం

1. వడదెబ్బకు, కందడానికి తేడా ఏమిటి?
2. బీచిలో గాలి చల్లగా ఉన్నా చర్మం ఎందుకు కందింది?
3. నిమ్మరసం ఎందుకు రాయకూడదు?
4. మీ అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు ఎలా గడిపేవారో అడిగి, ఐదు వాక్యాలు తెలుగులో రాసుకురండి.