గురువారం సాయంత్రం

మెదక్ కెథడ్రల్‌గా ప్రసిద్ధమైన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. దానిని నిర్మింపజేసినది వెస్లియన్ మెథడిస్టు మిషను. ఆ మిషను పేరులోని వెస్లీ పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమానికి నాయకత్వం వహించిన జాన్ వెస్లీ. ఆ ఉద్యమానికి వేలకొలది కీర్తనలు రచించి ఇచ్చినవాడు అతని తమ్ముడు చార్లెస్. వీరిద్దరికీ అక్షరం నేర్పినది, దైవభక్తి నేర్పినది, కడపట వీరి బోధనే కూర్చుండి విన్నది తల్లి సుసన్నా.

సుసన్నా 1669 జనవరి 20న లండనులో జన్మించింది. తండ్రి శామ్యూల్ ఆనెస్లీ ప్రభుత్వ సంఘాన్ని కాదని వెలుపల నిలిచిన బోధకుడు. ఆయన బిడ్డలలో ఈమె కనిష్ఠ పుత్రిక. పదమూడేండ్ల ప్రాయంలోనే ఉభయ పక్షాల వాదాలనూ తూచి చూచుకొని, తండ్రి వర్గాన్ని విడిచి ప్రభుత్వ సంఘంలో చేరింది. తండ్రి ప్రేమ దీనివల్ల తగ్గలేదు. తన వ్రాతప్రతులను ఆయన ఈ కుమార్తెకే ఇచ్చిపోయాడు. విశ్వాసం విషయంలో బిడ్డ తల్లిదండ్రులతో విభేదించడం ఎట్టిదో, సుసన్నా మొదట బిడ్డగానే ఎరిగింది.

1688లో శామ్యూల్ వెస్లీ అనే పండితునితో వివాహమైంది. లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ గ్రామంలో ఆయన గురువు. పుట్టిన పందొమ్మండుగురిలో దక్కినవారు పదిమంది. ఇంటికి అప్పులు తప్పలేదు. 1705లో అప్పు తీర్చలేక భర్త లింకన్ కోటలో ఖైదు అనుభవించాడు. ఆమె తన ఉంగరాలు తీసి పంపగా ఆయన తిప్పి పంపాడు. 1709 ఫిబ్రవరిలో ఒకరాత్రి ఇల్లు దగ్ధమైంది. మేడగదిలో చిక్కిన ఐదేండ్ల జాన్‌ను ఊరివారు ఒకరి భుజాలపై ఒకరు నిలిచి కిటికీలోనుండి దింపారు. తండ్రి ఇచ్చిన వ్రాతప్రతులు మాత్రం బూడిదైనాయి.

మారన తెనిగించిన మార్కండేయ పురాణంలో మదాలస పసిబిడ్డలకు తత్త్వం ఉపదేశిస్తుంది. సుసన్నా తత్త్వానికి ముందు క్రమశిక్షణను నిలిపింది. ఏడాది వయసుకే బిడ్డలు బెత్తానికి వెరచి మెల్లగా ఏడవడం నేర్చారు. నేటి పాఠకునికి ఇది కఠినంగా తోస్తుంది, తోచవలసినదే. అయితే ఆ ఇంటి నియమాలలో తక్కినవి కూడా చూడాలి. తప్పు ఒప్పుకొన్న బిడ్డకు దెబ్బ లేదు. ఒకే తప్పుకు రెండుమార్లు శిక్ష లేదు. దిద్దుకొన్న తప్పును తరువాత ఎన్నడూ ఎత్తిపొడవరాదు. ఆడపిల్లకు చక్కగా చదవడం వచ్చేవరకు పనులు నేర్పరాదు. ఆడపిల్ల చదువును అనవసరమని ఎంచిన ఆ కాలంలో ఈ చివరి నియమం సామాన్యమైనది కాదు. ఐదవ పుట్టినరోజు మరునాడు అక్షరమాల మొదలు. దాదాపు అందరికీ ఒక్కరోజులో వచ్చింది, ఇద్దరికి మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది. పిదప ఆదికాండం మొదటి వచనం.

ఇల్లు కాలిన పిదప బిడ్డలు కొంతకాలం ఇరుగుపొరుగు ఇండ్లలో పెరిగారు. ప్రార్థన తప్పింది, మాటతీరు మారింది. తిరిగి ఒకచోట చేర్చిన తరువాత వారిని దిద్దడానికి నియమాలు మాత్రమే చాలవని తల్లికి తోచింది. ఆ రోజులలో భర్త గదిలోని ఒక పుస్తకం ఆమెకు చదవ దొరికింది. తమిళదేశపు తీరంలోని తరంగంబాడికి 1706లో చేరిన మిషనరీల వృత్తాంతం అది. (అదే బృందంలో తరువాత చేరిన బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగు వ్యాకరణం రచించి, బైబిలును తెలుగు చేశాడు.) దూరదేశాలకు తరలిపోయే భాగ్యం తనకు లేదు, ఉన్నచోటనైనా మరింత చేయవచ్చునని ఆమె తలపోసింది. వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డకు కేటాయించింది. సోమవారం మేరీ, మంగళవారం హెట్టీ, గురువారం జాన్, శనివారం చార్లెస్. ఆ వేళ తల్లీబిడ్డా ఏకాంతంగా కూర్చుండి, దేవుని గూర్చి, మనసులోని సందేహాల గూర్చి ముచ్చటించుకొనేవారు.

1711–12 చలికాలంలో భర్త లండనులో ఉండగా, ఆదివారం సాయంత్రాలు వంటయింట్లో బిడ్డలకూ పనివారికీ ఆమె ప్రార్థనలు, ప్రసంగాలు చదివి వినిపించింది. వినవచ్చే ఊరివారు రెండువందలు దాటారు. స్త్రీ ఇట్లు చేయడం తగదని సహాయక గురువు ఫిర్యాదు చేశాడు. భర్త మానుమని సూచిస్తూ వ్రాశాడు. ఆమె ప్రత్యుత్తరం వినయంగానే ఉన్నది, కాని లొంగలేదు. కోరికగా చెప్పవద్దు, మానవలసినదేయైతే స్పష్టంగా ఆజ్ఞాపించండి, అప్పుడు తీర్పుదినాన ఆ బాధ్యత తనపై ఉండదని దాని సారాంశం. ఆజ్ఞ రాలేదు.

ఇంత క్రమంలో పెరిగిన బిడ్డల జీవితాలన్నీ తల్లి కోరినట్లు సాగాయా? హెట్టీ ఎనిమిదేండ్లకే గ్రీకు భాషలో క్రొత్త నిబంధన చదివిన మేధావిని, కవయిత్రి. 1725లో ప్రేమించినవానిని నమ్మి ఇల్లు విడిచి, వంచితయై, గర్భవతిగా తిరిగివచ్చింది. తొందరపడి ఆమెను ప్లంబరు పనివాడైన విలియం రైట్‌కు ముడిపెట్టారు. చదువులో గాని సంస్కారంలో గాని ఆమెకు ఈడుకాని సంబంధమది. పుట్టిన బిడ్డలు పసికందులుగానే పోయారు. తండ్రి కడవరకు క్షమించలేదు. తల్లి మనసూ వెంటనే మెత్తబడలేదు. 1726లో జాన్ తప్పు చేసినవారిపట్ల చూపవలసిన ప్రేమను గూర్చి తండ్రి దేవాలయంలోనే ప్రసంగించాడు. ఆ ప్రసంగం ఎవరి కొరకో ఇంటిల్లిపాదికీ తెలుసు. దిద్దుకొన్న తప్పును ఎత్తిపొడవరాదన్న పసినాటి నియమం, అత్యవసరమైన వేళ హెట్టీకి వర్తింపలేదు. ఆ నియమాన్ని గుర్తుంచుకొన్నవాడు గురువారపు శిష్యుడే.

1732లో ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడుగా ఉన్న జాన్ తల్లికి వ్రాస్తూ, పూర్వం తనకు కేటాయించిన గురువారం సాయంత్రంలో కొంతసేపైనా తన కొరకు తిరిగి వెచ్చించమని వేడుకొన్నాడు. నాడు ఆ సమయం తన బుద్ధిని తీర్చినట్లు నేడు హృదయాన్ని సరిదిద్దుతుందని అతని నమ్మకం. బిడ్డలను పెంచిన పద్ధతిని వివరిస్తూ ఆమె సుదీర్ఘలేఖ వ్రాసినది ఆ యేడే, జూలై 24న, ఈ కుమారుని కోరికపైనే.

1735లో భర్త మరణించాడు. జాన్, చార్లెస్ 1738లో కొత్త అనుభవం పొంది, పాపక్షమాపణను మనిషి ఈ లోకంలోనే నిశ్చయంగా ఎరుగగలడని బోధింపసాగారు. తల్లి ఎన్నడూ ఇంత స్పష్టంగా బోధించిన విషయం కాదిది. పెద్దకుమారుడు శామ్యూల్‌కు తమ్ముల పోకడ నచ్చలేదు. తల్లి వారి పక్షాన చేరిందని తెలిసి, అదే యేడు తాను మరణించేలోపే నొచ్చుకొంటూ వ్రాశాడు. అది 1739. అంతకు కొద్దిముందు ప్రభు భోజనంలో అల్లుడు హాల్ పాత్ర అందిస్తూ పలికిన మాటలు హృదయాన్ని తాకి, తన పాపాలు క్షమింపబడినవని తెలిసికొన్నానని ఆమె జాన్‌తో చెప్పింది. ఆమెకప్పుడు డెబ్బదేండ్లు. తాతగారికి ఈ విశ్వాసం ఉండేదా అని కుమారుడు అడిగాడు. ఉండేదని, నలువదేండ్లకు పైగా ఆయనకు చీకటి ఎరుకలేదని, కాని దానిని గూర్చి ప్రత్యేకంగా ప్రసంగించినట్లు మాత్రం గుర్తులేదని ఆమె జవాబు. గురువు కాని మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు బోధించుచున్నాడని జాన్ కోపంతో వచ్చినప్పుడు, తొందరపడవద్దని, ముందు అతని మాట విని చూడమని వారించినది కూడా ఆమెయే. వంటయింటి ఆదివారాలు ఆమె మరువలేదు కాబోలు.

1742 జూలైలో సుసన్నా కన్నుమూసింది. తన ప్రాణం పోగానే స్తుతికీర్తన పాడమని బిడ్డలకు చెప్పింది, వారు పాడారు. సమాధిపై చెక్కడానికి చార్లెస్ రచించిన పద్యం, తల్లి గడిపిన డెబ్బదేండ్లను ధర్మశాస్త్రపు చీకటిరాత్రిగా వర్ణిస్తుంది. కుమారుడు కీర్తనకారుడే, కాని ఈ మాటలో న్యాయం తక్కువ. వారంలో ప్రతిరోజూ ఒక బిడ్డకొరకు దీపం వెలిగించుకొని కూర్చున్న ఇల్లు అది. ఆమెను లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఖననం చేశారు. పదమూడవ యేట ఆమె విడిచివచ్చిన వర్గంవారి శ్మశానవాటిక అది.