కంపెనీల సామాజిక బాధ్యత – సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



ఊరిలో ఏదైనా కంపెనీ మంచినీటి ప్లాంటు కట్టించినా, బడికి బల్లలిచ్చినా, పశువైద్య శిబిరం నడిపినా పక్కనే ఒక బోర్డు పెడుతుంది. దానిమీద ‘సామాజిక బాధ్యత’ అని వ్రాసి ఉంటుంది. ఈ మాటకు అర్థమేమిటి, ఆ సొమ్ము ఎక్కడిది అని సర్వసభ్య సమావేశాలలో సభ్యులు మమ్మల్ని అడుగుతున్నారు. అందుకే ఈ పాఠం.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. నికర ఆస్తి 500 కోట్ల రూపాయలు గాని, ఏడాది అమ్మకాలు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని, అంతకు మించి గాని ఉన్న కంపెనీకి ఇది వర్తిస్తుంది. అట్టి కంపెనీ గడచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం చదువు, ఆరోగ్యం, మంచినీరు వంటి పనులకు ఖర్చు పెట్టాలి. తాను వ్యాపారం చేసే ప్రాంతానికి ముందుగా ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టంలో ఉంది. రాజకీయ పార్టీలకిచ్చే చందా ఈ లెక్కలోకి రాదు. తన ఉద్యోగులకు మాత్రమే చేసే మేలూ రాదు. కనుక మన మండలంలో సరుకు కొనే పెద్ద కంపెనీని ఊరి అవసరం గురించి అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

మంచిపనిని మేము కాదనము. ఫ్లోరైడు నీళ్లతో బాధపడిన కనిగిరి వైపు వారికి ఒక బిందె మంచినీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే నూటికి రెండు రూపాయలు ఇలా పోగా, ఆ నూరు రూపాయల లాభం ఏ దారిన వచ్చింది? మన పాఠానికి ఇదే అసలు ప్రశ్న.

పత్తి రైతులకు ఇది బాగా తెలుసు. 1987-88లో అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. పైరెత్రాయిడ్ మందులు కొట్టినకొద్దీ దోమ పెరిగిందే గాని తగ్గలేదు. మందు అమ్మే దుకాణమే అప్పూ ఇచ్చేది, ఏ మందు కొట్టాలో సలహా కూడా ఇచ్చేది. ఆ ఏడు అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

తరువాత 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 వరకు మహికో మోన్‌శాంటో సంస్థకు చేరే సాంకేతిక రుసుమే. పరిశోధనకు ఖర్చయిందని కంపెనీ వాదించింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తవ్యాపారాల నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. రుసుము తగ్గించాలని కమిషన్ మే నెలలో ఆదేశించగా, ప్రభుత్వం ప్యాకెట్టుకు 750 రూపాయల ధర నిర్ణయించింది. అంటే ప్యాకెట్టుకు 850 రూపాయలకు పైగా తేడా. ఎకరాకు ఒక ప్యాకెట్టు వేసినా, అయిదెకరాల రైతుకు 4,250 రూపాయలు మిగిలాయి. ఏ దానధర్మం వల్ల ఆ రైతు ఇంటికి ఒక్క కారులో ఇంత సొమ్ము చేరుతుంది? మిరప కాటా దగ్గరా ఇదే లెక్క. బస్తాకు తరుగు తీసి, పిల్లలకు నోటుపుస్తకాలు పంచే కొనుగోలుదారు ఎవరైనా ఉంటే, ముందు కాటా సరిచేయమని అడగండి.

ఇతరుల సంగతి సరే, మన సంగతేమిటి? సహకార చట్టం క్రింద రిజిస్టరైన పాల సంఘం కంపెనీ కాదు గనుక 135వ సెక్షను మనకు లేదు. కాని 1995లో మాంచెస్టరులో అంతర్జాతీయ సహకార కూటమి ఆమోదించిన ఏడు సూత్రాలలో చివరిది, సమాజం పట్ల శ్రద్ధ. దానికి పెద్ద నిధి అక్కరలేదు. అరలీటరు పోసే అక్కగారికీ, పది లీటర్లు పోసే మోతుబరికీ వెన్న శాతం ఒకే తీరుగా చూడాలి. పరీక్ష ఆమె కళ్లెదుట జరగాలి. బిల్లు చెప్పిన రోజున అందాలి. కొన్నిచోట్ల ఇది సరిగా జరగడం లేదన్న ఫిర్యాదులు మాకు అందుతున్నాయి. దాచవలసిన పని లేదు.

మరొక సంగతి, పత్తిచెక్క. నిల్వలో తడిసి బూజుపట్టిన చెక్క మేపితే అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాము మించరాదని ఆహార భద్రతా నిబంధన. ఆ పాలు పట్నంలో ఎవరి పసిబిడ్డ తాగుతుందో మనకు తెలియదు. కనుక సంఘం గోదాములో బస్తాలు గోడకు ఆనించక, చెక్కబల్లల మీద పేర్పించండి. దాణా తీసుకునేటప్పుడు మూతి విప్పించి వాసన చూడండి. బూజువాసన వస్తే బస్తా అక్కడే వదిలి, సంగతి ఫిర్యాదుల పుస్తకంలో వ్రాసి, కార్యదర్శి సంతకం తీసుకొని రండి.