ఇంటి పిల్లి - క్రొత్త పిల్లి
(తల్లిదండ్రులకు ఒక పాఠము)

వర్షములు మొదలైన పిమ్మట మా పాఠశాల వసారాలో ప్రతి యేట ఒక వేడుక జరుగుచుండును. ఎవడో ఒక బాలుడు తడిసిన పిల్లికూనను చొక్కాలో దాచుకొని వచ్చును. ఈ హోసూరు ప్రాంతమున మన పిల్లలు మూడు భాషల నడుమ పెరుగుచున్నారు గనుక, ఒకడు దానిని పిల్లి యనును, ఒకడు పూనై యనును, మరియొకడు బెక్కు అనును. కూన మాత్రము అందరికిని ఒక్క తీరుగనే బదులు పలుకును. సాయంకాలమునకు అది ఎవరింటికో చేరును. ఆ యింట అప్పటికే ఒకటో రెండో పిల్లులుండును. చిక్కంతయు అక్కడనే ఆరంభమగును.

"లోపలికి వదలిన చాలును, నాలుగు దినములు పోట్లాడుకొని అవియే సర్దుకొనును" అని పెద్దలు తలంతురు. నేనును అట్లే తలచి ఒక మంచి ప్రాణిని పోగొట్టుకొంటిని. ఆ తప్పు మీ యిండ్లలో జరుగకుండవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాను.

మా యింట జరిగినది

మా యింట చిట్టి యను బూడిదరంగు పిల్లి తొమ్మిదేండ్లుండెను. మా అమ్మాయి చదువుకొను బల్ల క్రింద పరచిన గోనెపట్టా దాని చోటు. ఒకనాడు నేను పాఠశాలనుండి చారల కూన నొకదానిని తెచ్చి, చిట్టి యెదుటనే నేలపై దింపి, ఒకే పళ్లెములో రెండింటికిని అన్నము పెట్టితిని. చిట్టి బుస్సుమని తోక ఉబ్బించెను. కూన బీరువా వెనుక దూరెను. మేమందరము నవ్వితిమి.

మూడవనాటికి చిట్టి తిండి తగ్గించెను. అయిదవనాడు నా పరుపుపై మూత్రము విడిచెను. నాకు కోపము వచ్చి చీపురుతో వాకిటికి తరిమితిని. "నాయనా, అది పొగరు కాదు, భయము" అని మా అమ్మాయి చెప్పినను వినలేదు. ఆ రాత్రి చిట్టి తిరిగి రాలేదు. వారము దినములు వీధులన్నియు వెదకితిమి. వెనుకవీధి పెంకుటింటి కప్పుపై రెండుమారులు కనబడెను గాని, పిలిచినను దిగలేదు. పిమ్మట కనబడనే లేదు. బల్ల క్రింది గోనెపట్టాను మా అమ్మాయి చాలకాలము ఎవరిని తీయనీయలేదు.

ముప్పదేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్న నాకు, ఆ యింటి ప్రాణి చెప్పిన పాఠము అర్థము కాలేదు. తరువాత పశువైద్యుని అడిగియు, చదివియు తెలిసికొన్న విషయము లివి.

పిల్లి స్వభావము

కుక్క పూర్వులు గుంపుగా బ్రతికిన జంతువులు. పిల్లి పూర్వులు ఆఫ్రికా, పశ్చిమాసియా దేశముల అడవిపిల్లులు. అవి చిన్న జంతువులను వేటాడును గనుక, ఒక్కొక్కటి తన యెల్లలు ఏర్పరచుకొని ఒంటరిగా తిరుగును. మానవుడు ధాన్యమును నిలువచేయ నేర్చిన పిమ్మట గాదెల చుట్టు ఎలుకలు చేరెను. ఎలుకల వెంట పిల్లి వచ్చెను. సైప్రస్ ద్వీపమున ఒక మనుష్యుని సమాధి ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి యెముకలు దొరకినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి సుమారు 9,500 సంవత్సరముల నాటివి. ఇంత దీర్ఘకాలము మనతో నున్నను పిల్లి తన యెల్లల పట్టుదలను విడువలేదు. తిండి సమృద్ధిగా నున్నచోట తల్లులు, కూతుండ్రు కలసి కూనలను పెంచుట కలదు. కాని పరాయి పిల్లిని అవి సులభముగా చేరనీయవు.

మనకు ఇల్లనగా గోడలు, కప్పు. పిల్లికి ఇల్లనగా వాసన. దాని బుగ్గలు, గడ్డము, నుదురు, తోక మొదలు, పాదముల అడుగు - ఈ చోట్ల వాసనగ్రంథులు కలవు. అది మన కాళ్లకు, గుమ్మమునకు, బల్లకోడుకు మొగము రాయుట తన గుర్తును పెట్టుకొనుటయే. ఒకే యింట స్నేహముగా నున్న పిల్లులు ఒకదాని నొకటి రాచుకొని ఉమ్మడి వాసనను ఏర్పరచుకొనును. ఆ వాసన లేని ప్రాణి హఠాత్తుగా నట్టింట నిలిచినచో, ఇంటి పిల్లికి అది అతిథి కాదు, దండెత్తి వచ్చిన శత్రువు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. కూనలకు కీడు కలుగునని తోచిన చోటును తల్లిపిల్లి విడిచిపోవును. చిట్టియు అట్లే తనకు భద్రత లేదని తోచిన యింటిని విడిచెను.

కావున క్రమ మిది: చూపునకు ముందు వాసన, స్పర్శకు ముందు చూపు.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు - వేరు గది. క్రొత్త పిల్లిని రెండు వారములు వేరుగా నుంచవలెను. దానికి తిండి పళ్లెము, నీటి గిన్నె, ఇసుక తట్ట, దాగుకొనుటకు ఒక అట్టపెట్టె ప్రత్యేకముగా నుండవలెను. రోగమున్నచో ఈ గడువులో బయటపడవచ్చును. ఒంటిగది యిండ్లవారు పెద్ద పంజరమునకు మూడువైపుల దుప్పటి కప్పి మూలగా నుంచవచ్చును. బంధువుల యింట కొన్నాళ్లుంచుట ఇంకను మేలు.

రెండవ మెట్టు - వాసన. మెత్తని పాతబట్టతో క్రొత్తదాని బుగ్గలను తుడిచి, ఆ బట్టను ఇంటి పిల్లి పళ్లెమునకు కొంత దూరమున వేయవలెను. ఇంటి పిల్లి బట్టను క్రొత్తదానికడ వేయవలెను. బుస్సుమనక రెండును తినుచున్నప్పుడు మూసిన తలుపునకు ఇరువైపుల పళ్లెములుంచి, దినదినము కొంచెము దగ్గరకు జరుపవలెను. పరాయి వాసన కడుపు నిండుటతో ముడిపడినచో వెరపు తగ్గును.

మూడవ మెట్టు - చూపు. తలుపును రెండు వ్రేళ్ల సందు తెరచి గట్టిగా ఆపవలెను. లేదా దోమతెర తలుపు బిగింపవలెను. దూరదూరముగా తిండి పెట్టి కొద్ది నిమిషములు చూచుకొననిచ్చి మూయవలెను. ఒకటి రెండుమారులు బుస్సుమనుట దోషము కాదు. కదలక గ్రుడ్లప్పగించి చూచుట, గుఱ్ఱుమని లోగొంతుతో అరచుట మాత్రము ఇంకను సమయము కాలేదని తెలుపును. అట్లయినచో వెనుకటి మెట్టునకు దిగవలెను.

నాలుగవ మెట్టు - కలయిక. కడుపు నిండి, ఆడి అలసిన వేళ అయిదు నిమిషములు కలుపవలెను. చేతులతో పట్టి మొగమునకు మొగము చూపరాదు. పారిపోవుటకు రెండింటికిని త్రోవలుండవలెను. పోరు పుట్టినచో నడుమ చేయి పెట్టక, అట్టముక్కనో దిండునో అడ్డముంచవలెను.

ఈ నాలుగు మెట్లు కొన్నియిండ్లలో మూడు వారములలో ముగియును; కొన్నియెడల నెలలు పట్టును. క్రొత్తగా చేరిన విద్యార్థిని తొలిదినముననే తరగతి యెదుట నిలిపి పద్యము చదువుమని మనము అడుగుదుమా? వెనుక బల్లపై కూర్చుండనిచ్చి, నలుగురి పేర్లు తెలిసిన పిమ్మట పిలుతుము. ఇదియు అంతే.

ఇంటి యేర్పాట్లు, ఆరోగ్యము

పెక్కు పిల్లులున్న యింట ఇసుక తట్టలు పిల్లుల సంఖ్యకంటె ఒకటి యెక్కువ యుండుట మంచిది. వాటిని వేర్వేరు మూలల నుంచి నిత్యము శుభ్రపరుపవలెను. ప్రతి పిల్లికి వేరు పళ్లెము, ఎక్కి కూర్చుండుటకు ఎత్తైన చోటు ఉండవలెను. పాత పిల్లి చోటును క్రొత్తదాని కీయరాదు.

పాలన్నముతో మాత్రమే పిల్లి ఆరోగ్యముగా బ్రతుకజాలదు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు సరిగా అరుగవు. మాంసము, చేపలలో నుండు టారిన్ అను పదార్థము దానికి అవసరము. ఆ కొరతవలన కంటిచూపు చెడునని 1975లోను, గుండె జబ్బు కలుగునని 1987లోను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. శాకాహార కుటుంబములవారు ముందే ఆలోచించి పిల్లిని తెచ్చుకొనవలెను.

కూన పుట్టిన ఆరెనిమిది వారములకు టీకాలు మొదలు పెట్టింపవలెను. మూడు నెలలకు రేబిస్ టీకా వేయింపవలెను. ఆడు పిల్లి నాలుగైదు నెలల వయస్సుననే చూలు దాల్పవచ్చును; సుమారు రెండు నెలలకు ఈనును. కావున సంతాన నిరోధక శస్త్రచికిత్సను ఆలస్యము చేయరాదు. ఇందువలన మగపిల్లుల పోరును తగ్గును. మనము జ్వరమునకు వాడు పారాసిటమాల్ పిల్లికి విషము. ఒక దినము పూర్తిగా తినని పిల్లిని, తట్టలో ముక్కుచు మూత్రము రాని పిల్లిని వెంటనే పశువైద్యశాలకు కొనిపోవలెను. తట్ట విడిచి వేరుచోట మూత్రము పోయుట రోగమో భయమో కావచ్చును. దానికి చీపురు మందు కాదు.

పిల్లలను పిల్లి కరచినను రక్కినను గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రిలో చూపవలెను. రేబిస్ లక్షణములు పొడచూపిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు.

పిల్లలచే చేయింపదగిన పని

క్రొత్త పిల్లి వచ్చిన నాడే పిల్లలచేత ఒక నోటుపుస్తకము తెరపింపుడు. ఎంత తినెను, ఎచ్చట పండుకొనెను, ఎన్నిమారులు బుస్సుమనెను అని దినదినము వ్రాయింపుడు. మెట్టు ఎక్కవలెనో దిగవలెనో ఆ పుస్తకమే చెప్పును. ఇంకొక పని: కొంచెము దూరమున కూర్చుండి కన్నులు మెల్లగా మూసి తెరువవలెను. అట్లు చేయువారికి పిల్లియు కన్నులు మెల్లగా మూసి బదులిచ్చునని, వారి దగ్గరకు చేరుననియు 2020లో ఇంగ్లండునందలి ససెక్స్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి తెలిపిరి.

రెండేండ్ల క్రిందట మా యింటికి నల్లకూన యొకటి వచ్చినప్పుడు మా అమ్మాయి ఇట్టి పుస్తకమునే వ్రాసెను. చారలపిల్లి అప్పటికి ఇంటి పెద్ద. ఇరువదినాలుగవ దినమున ఆమె "ఈ దినము ఎవరును బుస్సుమనలేదు" అని వ్రాసి క్రింద గీత గీసెను. ఆ రెండును నేటికిని ప్రాణస్నేహితులు కావు. ఒకే చాపకు ఆ కొన ఒకటి, ఈ కొన ఒకటి నిద్రించును. అది చాలును. స్నేహము వాటి యిష్టము. శాంతి మాత్రము మన బాధ్యత.

తల్లిదండ్రులకు నా మనవి: వానకు తడిసిన కూనను తెచ్చిన బాలుని దయను గద్దింపకుడు. అయితే ఆ రాత్రి కూనను నట్టింట వదలక, ముందొక తలుపు మూయుడు. ఇంట నున్న పాత ప్రాణికి ఆ మూసిన తలుపే మీరు చూపు గౌరవము.