‘మైసెల్ఫ్’ పేరుతో రాదు, పనితో వస్తుంది

మొన్న మా బ్రాంచ్ మాక్ ఇంటర్వ్యూల్లో నా వంతు వచ్చింది. సార్ “టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్” అనగానే “మైసెల్ఫ్...” అంటూ పేరు చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. “ఆ మాట పేరుతో రాదమ్మా, పనితో వస్తుంది” అన్నారు. అప్పుడు సగమే అర్థమైంది.

మనలో చాలామందిమి ఈ తప్పు ఎందుకు చేస్తాం? ప్రశ్నలో ‘యువర్‌సెల్ఫ్’ ఉంది కాబట్టి జవాబులో ‘మైసెల్ఫ్’ ఉండాలనుకుంటాం. పైగా తెలుగులో “నేను రవిని” అంటే చాలు, క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. “ఐ యామ్ రవి” అనాలి, లేదా “మై నేమ్ ఈజ్ రవి” అనాలి.

మరి మైసెల్ఫ్ ఎక్కడ వాడాలి?

1. మన పని మన మీదికే వచ్చినప్పుడు. “ఐ కట్ మైసెల్ఫ్” అంటే కోసుకున్నాను. మన ‘కొను’ ఇక్కడ చేసే పనే అది చేస్తుంది.

2. నేనే స్వయంగా చేశానని నొక్కి చెప్పడానికి. “ఐ రోట్ ద కోడ్ మైసెల్ఫ్” అంటే కోడ్ నేనే రాశాను. ‘నేనే’లో ఆ చివరి ఏత్వానికి ఎంత బలం ఉందో దీనికీ అంతే.

3. ముందు ‘బై’ చేరితే అర్థం మారుతుంది. “ఐ వెంట్ బై మైసెల్ఫ్” అంటే ఒక్కదాన్నే వెళ్లాను. “ఐ మైసెల్ఫ్ వెంట్” అంటే నేనే వెళ్లాను. వెంట నలుగురున్నా తప్పులేదు.

ఇంకో పొరపాటు “రవి అండ్ మైసెల్ఫ్ డిడ్ ఇట్”. రవిని తీసేసి చూడండి. “మైసెల్ఫ్ డిడ్ ఇట్” అంటామా? అనం. కాబట్టి “రవి అండ్ ఐ”. అలాగే “సెండ్ ఇట్ టు రవి అండ్ మి”.

ఇక ఆ మిగతా సగం. పేరు సరిగ్గా చెప్పాక, లైన్ ఫాలోయర్ రోబో గురించి గొప్పగా “ఐ డిడ్ ద ప్రాజెక్ట్ మైసెల్ఫ్” అన్నాను. ఈసారి వ్యాకరణం తప్పలేదు. సార్ రెజ్యూమె చూసి, “టీమ్ నలుగురు అని రాశావు. ఇందులో నీ చేత్తో చేసిందేంటి?” అన్నారు. నోట మాట రాలేదు. మోటార్ డ్రైవర్ సోల్డరింగ్ ఒకరిది, కోడ్ ఇంకొకరిది, చాసిస్ మరొకరిది. నేను చేసింది సెన్సర్ల కాలిబ్రేషన్, రిపోర్టు. చివరికి ఆ మాటే చెప్పాను: “వి బిల్ట్ ద రోబో. ఐ కాలిబ్రేటెడ్ ద సెన్సర్స్ మైసెల్ఫ్.” ఆ తర్వాత పది నిమిషాలు సెన్సర్ల మీదే ప్రశ్నలడిగారు. అన్నింటికీ జవాబు చెప్పగలిగాను. చేసిన పని కదా!

ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గరకొచ్చింది. ఈ రాత్రికి మీ రెజ్యూమె తెరవండి. ప్రతి ప్రాజెక్టు కింద ‘మైసెల్ఫ్’ అని ధైర్యంగా చెప్పుకోగలిగే పని ఒక్కటైనా ఉందేమో చూసుకోండి. లేకపోతే ఇంకా టైముంది, చేసేయండి.