చెట్టు తల కొట్టేయమంటే ఏం చెప్పాలి?

ఈదురుగాలులు మొదలవగానే చెట్లు కొట్టేవారికి గిరాకీ పెరుగుతుంది. ఎక్కువమంది అడిగేది ఒకటే: "వేపచెట్టు ఇంటి మీదికి వచ్చేస్తోంది, పైనంతా కొట్టేయండి." ఆ భయం నిజమైనదే. అడిగిన పరిష్కారంతోనే చిక్కు.

చెట్టుకు ఆహారం తయారయ్యేది ఆకుల్లో. తల మొత్తం కొట్టేస్తే అది దాచుకున్న పిండిపదార్థం మీదే బతకాలి. ఆ నిల్వను ఖర్చుచేసి, బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గల నుంచి గుబురుగా రెమ్మలు వేస్తుంది. చూసేవారికి చెట్టు బాగా చిగిర్చిందనిపిస్తుంది. కానీ మామూలు కొమ్మ మొదలు ఏటేటా కాండంలోని కలపతో పెనవేసుకుంటూ బలపడుతుంది. ఈ కొత్త రెమ్మలు మాత్రం పైపొరలనే పట్టుకుని ఎదుగుతాయి. వాటి కిందే, కోసిన మోడులో కుళ్లు లోపలికి దిగుతుంటుంది. కొన్నేళ్లకు చెట్టు పాత ఎత్తుకు చేరుతుంది, ఈసారి బలహీనమైన కొమ్మలతో. గాలివానకు ముందుగా విరిగేవి అవే.

చెట్టు గాయం మన గాయంలా మానదు. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో ఎన్నో కాండాలను నిలువునా కోసి పరిశీలించి, 1970వ దశకంలో ఈ సంగతి వివరించారు. చెడిన కలపను చెట్టు బాగుచేసుకోలేదు. దాని చుట్టూ గోడ కట్టి, వేరుచేసి, పైన కొత్త కలప పెంచుకుంటుంది. కొమ్మ కాండంతో కలిసేచోట ఉబ్బు కనిపిస్తుంది కదా, ఆ గోడ బలంగా ఏర్పడేది అక్కడే. అందుకే కోత ఆ ఉబ్బుకు తగలకుండా, దాన్ని ఆనుకుని బయట పడాలి. తారో రంగో పూస్తే కుళ్లు ఆగుతుందన్న నమ్మకమూ ఆయన పరీక్షల్లో నిలవలేదు.

ఇదంతా ఇంటి యజమానికి పాఠంలా చెబితే వినరు. "సార్, మీకు ఏ కొమ్మంటే భయం?" అని అడగడం మేలు. జవాబు చాలాసార్లు ఒకటి రెండు కొమ్మల దగ్గరే ఆగుతుంది: కప్పు మీద వాలినదో, ఎండినదో. దాన్ని మొదట్లో తీసేస్తే చాలు. ఎత్తు తగ్గించాల్సిందేనంటే, పెద్ద కొమ్మను దాని మందంలో కనీసం మూడోవంతు ఉన్న పక్కకొమ్మ దాకా కోయాలి. ముదురు చెట్టు నుంచి ఒక విడతలో పావువంతు ఆకును మించి తీయకూడదు. కరెంటు తీగల దగ్గరైతే విద్యుత్ సిబ్బందిని పిలవాల్సిందే. కాండం మొదట్లో పుట్టగొడుగులు లేచినా, నేల పగిలి చెట్టు ఒరుగుతున్నా అది వేళ్ల సమస్య. కొమ్మలు కొట్టి లాభం లేదు.

అయినా పట్టుబడితే? కాదంటే ఆ రోజు కూలి పోతుంది, మరొకరు వచ్చి కొట్టేస్తారు కూడా. అలాంటప్పుడు బేరం ఇలా పెట్టవచ్చు: "ఈ ఒక్క కొమ్మ తీస్తాను సార్. వచ్చే వానాకాలం దాకా చూడండి. అప్పటికీ భయంగా ఉంటే పిలవండి, వస్తాను."